రాతి మీద చైనా: 1136 నాటి పటాన్ని చదువుదాం

నమస్కారం. స్క్రీన్ మీద నల్లటి కాగితం, దాని మీద తెల్లటి గీతలు కనిపిస్తున్నాయి కదా? ఇది ఒక రాతి పటానికి తీసిన అచ్చు. పేరు 'యూ జీ తూ', అంటే యూ అడుగుజాడల పటం. వరదల్ని అదుపుచేసి నదులకు దారి చూపాడని చైనీయులు చెప్పుకునే పురాణ రాజు యూ. అసలు రాయి షియాన్‌లోని శిలాఫలకాల మ్యూజియంలో ఉంది.

ముందు గళ్లు చూడండి. అడ్డంగా 70, నిలువుగా 73. ఒక్కో గడి వంద లీలు అని పటం మీదే చెక్కారు. లీ అంటే సుమారు అర కిలోమీటరు. ఇప్పుడు జూమ్ చేస్తున్నాను. కుడివైపు సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చింది షాన్‌డాంగ్. పైన పెద్ద వంపు తిరిగింది పసుపు నది. ఫోన్‌లో ఇవాళ్టి మ్యాప్ తెరిచి పక్కన పెట్టి చూడండి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఇందులో లేనిదాన్ని చూద్దాం. 1127లో ఈశాన్యం నుంచి వచ్చిన జుర్చెన్లు అనే జాతివాళ్లు, చైనాను ఏలుతున్న సాంగ్ వంశపు రాజధాని కైఫెంగ్‌ను పట్టుకున్నారు. సాంగ్ వంశం దక్షిణానికి తరలిపోయింది. ఈ రాయి చెక్కిన ప్రాంతం అప్పటికి జుర్చెన్లు గద్దెనెక్కించిన రాజు కింద ఉంది. అయినా పటంలో దేశాన్ని రెండుగా చీల్చే గీత ఎక్కడా లేదు. పాత పేర్లూ కొత్త పేర్లూ కలిసే ఉన్నాయి. చూసేవాళ్ల కళ్లకు నేల ఇంకా ఒక్కటే.

ప్రాచీన చైనాలో పటం ఇవ్వడమంటే నేల అప్పగించడమే. క్రీ.పూ. 227లో యాన్ రాజ్యం తరఫున జింగ్ కె అనే హంతకుడు, చిన్ రాజ్యపు రాజుకు భూమి సమర్పిస్తున్నట్టుగా పటం చుట్ట తీసుకెళ్లాడు. రాజు ముందు దాన్ని చివరిదాకా విప్పగానే లోపల దాచిన బాకు బయటపడింది. హత్యాయత్నం విఫలమైంది. తర్వాత క్రీ.పూ. 206లో చిన్ రాజధాని తిరుగుబాటు నాయకుడు ల్యూ బాంగ్‌కు లొంగిపోయినప్పుడు అతని సేనానులు బంగారం, పట్టు కోసం ఎగబడ్డారు. అతని అనుచరుడు షియావో హె మాత్రం పటాలు, జనాభా దస్త్రాలు భద్రం చేశాడు. ఏ కోట ఎక్కడుందో, ఎక్కడ ఎంతమంది జనం ఉన్నారో ల్యూ బాంగ్‌కు తెలిసింది అలాగే. ఆ ల్యూ బాంగే హాన్ వంశాన్ని స్థాపించాడు.

అప్పుడు పటాలు రాజుల భోషాణాల్లో ఉండేవి. ఈ రాయి వెనక వైపు ఇంకో పటం ఉంది, దాన్ని బడిలో నిలబెట్టినట్టు రాసి ఉంది. అందుకే నాకు ఈ రాయి అంటే అంత ఇష్టం. తడి కాగితం అతికించి, గాడుల్లోకి దిగేలా కుంచెతో తట్టి, పైన సిరా అద్దితే చాలు, పటం చేతికొస్తుంది.

ఇప్పుడు వీడియో ఆపి, పసుపు నది వంపు ఎన్ని గళ్ల వెడల్పుందో లెక్కపెట్టండి. కామెంట్లలో రాయండి.