ఎపిసోడ్: మేయర్ కుర్చీ అన్నాం, బడి గొడవలో పడ్డాం

శీను: ఆన్ అయింది అక్కా. చాయ్ గ్లాసు జర దూరం పెట్టు, చప్పుడు పట్టుకుంటది.

అక్క: పోయినసారి చప్పుడు నీదే. సరే, అందరికీ నమస్కారం. మాటిచ్చిన ప్రకారం ఈసారి హైదరాబాద్ మొదటి మేయరు మాడపాటి హనుమంతరావు గారు. మేయర్ కుర్చీ గురించి మాట్లాడతాం. కుర్చీ గురించే, శీనూ.

శీను: నేనేమన్న అన్ననా?

అక్క: అనకముందే చెప్తున్నా. యాభైమూడు, అదే సభలకు అనుమతి అడిగే నిజాం నాటి ఉత్తర్వు (గస్తీ) నంబరు, అన్నావంటే బిస్కెట్లు నీ లెక్కలోకే.

శీను: మలక్‌పేట ఎపిసోడ్ బాకీనే ఇంక తీరలే. కానీ, షురూ చెయ్.

అక్క: పుట్టింది 1885లో, కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో.

శీను: వచ్చింది! మీ జిల్లా మనిషి! మూడు నిమిషాలు గూడ కాలే.

అక్క: ఊరి పేరు చెప్పకుండా పుట్టించమంటావా? మన ముచ్చటకి కావాల్సింది 1951. హైదరాబాద్‌కి కార్పొరేషన్ హోదా అంతకుముందే, 1933లోనే వచ్చింది, 1942లో తీసేశారు. 1950లో కొత్త చట్టం చేసి హైదరాబాద్‌కి ఒకటి, సికింద్రాబాద్‌కి ఒకటి, రెండు కార్పొరేషన్లు పెట్టారు. ఆ రెండూ ఒక్కటైంది 1960లో. అంటే మాడపాటి వారు 1951 నుంచి 1954 దాకా మేయరుగా ఉన్నది ఒక్క హైదరాబాద్‌కే, సికింద్రాబాద్ లెక్క వేరు.

శీను: అధికారం ఎంత?

అక్క: సభ నడపడం, తీర్మానం చేయించడం. పని చేయించేది కమిషనరు, ఆయన సర్కారు మనిషి. మోరీ బాగు చెయ్యాలని సభ తీర్మానిస్తే, ఫైలు కదలాల్సింది కమిషనర్ బల్ల మీద. మొదటి మేయరు నాటి నుంచి ఈ తకరారు ఉన్నదే.

శీను: అయితే కుర్చీ ముచ్చట అయిపోయినట్టే కదా. ఆయన మేయర్ అయ్యేసరికి 66 ఏండ్లు. అసలు పనంతా అంతకుముందు 30 ఏండ్లల్ల చేసిండు. 1921 నవంబర్ కాడికెళ్లి చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు.

అక్క: సరే, ఐదు నిమిషాలు. గడియారం చూస్తుంటా.

శీను: సుల్తాన్ బజార్ దిక్కు, వివేకవర్ధినిల నిజాం రాష్ట్ర సామాజిక సభ. అధ్యక్షుడు పూనా నుంచి వచ్చిన కర్వే, విధవా వివాహాల కర్వే. ఇంగ్లీషుల మాట్లాడిన్రు, మరాఠీల మాట్లాడిన్రు, ఉర్దూల మాట్లాడిన్రు, ఎవ్వరేమన్లే. అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగుల షురూ చేసిండు. అంతే, నవ్వులు, చప్పట్లు, గోల. పాపం కూసోవలసి వచ్చింది. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్ల పదకొండు మంది కలిసి ఆంధ్ర జన సంఘం పెట్టిన్రు. పని నెత్తికెత్తుకున్న కార్యదర్శి మాడపాటి.

అక్క: ఆ పదకొండు మంది సంఘం చేసిన పని చూడు. ఊళ్లోకి అధికారి వస్తే కోమటి దుకాణంలో బియ్యం, నెయ్యి తాను చెప్పిన ధరకే పట్టుకుపోయేవాడు, అసలు డబ్బే ఇవ్వకుండా కూడా పోయేవాడు. అలా ఇవ్వక్కర్లేదని సర్కారు ఉత్తర్వులు ఉన్నాయి. ఉన్నాయి కానీ ఉర్దూలో! దుకాణదారుకి ఏం తెలుసు? సంఘం వాటిని తెలుగులో చిన్న పుస్తకంగా వేసి ఊళ్లకు పంచింది. వర్తక స్వాతంత్ర్యం మీద ఒకటి, వెట్టిచాకిరి మీద ఒకటి. కొత్త చట్టం అడగలేదు, ఉన్న చట్టాన్ని చదివి వినిపించారు.

శీను: మంచిదే. కానీ నన్నడిగితే అండ్లనే ఆయన బలహీనత గూడ ఉన్నది. అంతా అర్జీలే. సభ పెట్టాల్నంటె గస్తీ నిషాన్...

అక్క: అనేశాడు! రాసుకోండి, ఒకటి.

శీను: చెప్పనియ్యి! యాభైమూడో నంబరు గస్తీ. సభకు ముందే అనుమతి తెచ్చుకోవాలె. ఎందుకు సభ, ఎవరు అధ్యక్షుడు, అన్నీ ముందే చెప్పాలె. ఊరి అధికారి ఫైలు మీద కూసుంటే పందిరి గుంజలు పాతినంక గూడ సభ ఆగుతది. దాన్ని ఎదిరించకుండ, దాని లోపల్నే దారి వెతుక్కుంటే ఎట్ల?

అక్క: ఎదిరించాలంటే సభ జరగాలిగా ముందు! ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన. దాని పక్కనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభ. అనుమతి లేకుండా ఈ రెండూ జరిగేవా? జరిగాయి కాబట్టే తర్వాతి సభలు దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్లలో. సిరిసిల్ల 1935, అధ్యక్షులు మాడపాటి వారే.

శీను: 1944 భువనగిరి సభ గూడ చెప్పు మరి, మహాసభ రెండుగ చీలింది. ఈ మెత్తని తీరు చాలదనే కదా కమ్యూనిస్టు రావి నారాయణరెడ్డి దిక్కు పోయిన్రు జనం. భూస్వామి మీద ఒక్క గట్టి మాట అననోళ్లను రైతు ఎన్నిరోజులు నమ్ముతడు?

అక్క: మితవాది అని తిట్టడం తేలిక శీనూ. నీ రావి నారాయణరెడ్డి నిలబడ్డ వేదిక ఎవరు కట్టారు? గాల్లోంచి ఊడిపడిందా?

శీను: వేదిక కట్టినోడు దాని మీద నిలబడి ఏం మాట్లాడిండు అని అడుగుతున్న నేను.

అక్క: బడి పెట్టాడు!

(కాసేపు నిశ్శబ్దం)

శీను: ...సరే. బడి చెప్పు. దాని మీద నేను కొట్లాడ.

అక్క: 1928. నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగులో ఉన్నత పాఠశాల. ఇక్కడ మెలిక ఏంటో చూడు. ఉస్మానియా వచ్చి అప్పటికి పదేళ్లు, 1918లో పెట్టారు, అందులో చదువంతా ఉర్దూలో. కింది తరగతుల్లో తెలుగు పర్వాలేదన్నారు, పై తరగతులకి వచ్చేసరికి తెలుగు బడికి గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేని బడికి ఏ తండ్రి పంపిస్తాడు? ఆడపిల్లని అసలే పంపడు. అలా మూతబడ్డ బళ్లు ఎన్నో.

శీను: ప్రైవేటు బడి పెట్టాల్నంటే ముందే అనుమతి అనే రూలు గూడ అప్పటికే ఉన్నది. ఖాన్గీ మదర్సాల రూలు. దాని అన్న ఎవరు? గస్తీ నిషాన్...

అక్క: రెండు. ఇప్పుడు మాడపాటి వారు ఏం చేశారంటే, నిజాం సరిహద్దు దాటి చూశారు. పూనాలో ఆడవాళ్ల విశ్వవిద్యాలయం ఉంది, 1916లో పెట్టింది. పాఠాలు మాతృభాషలో, ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. మన బడిని దానికి అనుబంధం చేశారు. పిల్ల కూర్చునేది నారాయణగూడలో, పాఠం తెలుగులో, పరీక్ష మాత్రం పూనాది. నిజాం విద్యాశాఖ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మెట్రిక్ చేతికొస్తుంది.

శీను: ఆ విశ్వవిద్యాలయం పెట్టింది ఎవరు?

అక్క: చెప్పు నువ్వే.

శీను: కర్వే! 1921ల ఎవరు అధ్యక్షుడుగ కూసున్న సభల తెలుగు మాటను నవ్వి కూసోబెట్టిన్రో, గదే కర్వే. ఏడేండ్లకు తెలుగు బడికి గుర్తింపు ఆయన కాడికెళ్లి తెచ్చుకున్నడు. మనసుల ఏమున్నదో గానీ, పగ మాత్రం పెట్టుకోలే.

అక్క: నవ్వింది కర్వే కాదుగా, సభలోని జనం. ఆ తేడా ఆయనకి తెలుసు.

శీను: తెలిసినా గూడ కష్టమే అక్కా. మనమైతే ఆ పేరు ఇన్నంక ఉత్తరం రాస్తమా?

అక్క: నువ్వు రాయవు. నువ్వు రిక్షా వాడితో రెండు రూపాయల గొడవ మూడు ఎపిసోడ్లు నడిపావు.

శీను: అది వేరే! రేటు బోర్డు మీద రాసున్నది!

అక్క: (నవ్వు) బోర్డు కూడా ఉర్దూలోనే ఉందేమో. అర్జీల్లో ఆయన బలం కూడా అదే తెలుసా? ఆయనకి ఉర్దూ బాగా వచ్చు. ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకి సంపాదకీయాలు రాసిన మనిషి. వకీలు. కచేరీలో అర్జీ వాళ్ల భాషలో, వాళ్ల మర్యాదతో, వాళ్ల ఉత్తర్వుల నంబర్లు ఎత్తి చూపిస్తూ వెళ్లేది. అర్జీదారుకి భాష రాదని పక్కన పడేయడం కుదరదు.

శీను: తెలుగు కోసం కొట్లాటను ఉర్దూల చేసిండు. ఒప్పుకుంటున్న. కానీ యాభైమూడును మాత్రం...

అక్క: మూడు! ప్యాకెట్ కాదు, డబ్బా.

శీను: నంబరే అన్న, గస్తీ అన్లే!

అక్క: చెల్లదు. సరే, మేయర్‌గిరీ తర్వాత: 1955లో పద్మభూషణ్, 1958 నుంచి 1964 దాకా శాసనమండలి అధ్యక్షులు, 1970లో పోయారు. బడి ఇప్పటికీ నారాయణగూడలోనే ఉంది, ఆయన పేరుతోనే.

శీను: కుర్చీ గురించి మళ్ల ఏమన్న ఉన్నదా? ఎపిసోడ్ పేరు అదే కదా.

అక్క: 1962లో రాణీ కుముదినీ దేవి, మొదటి మహిళా మేయరు. 2002లో జనమే నేరుగా ఓటేసి మేయర్‌ని ఎన్నుకున్నారు, తీగల కృష్ణారెడ్డి గెలిచారు. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలన్నీ కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, అదే జీహెచ్‌ఎంసీ, చేశారు. ఆ తర్వాత మళ్ళీ పరోక్ష పద్ధతే, చేతులెత్తే పద్ధతి. 2020 ఎన్నికల దాకా 150 డివిజన్ల కార్పొరేటర్లు ఉండేవాళ్లు, పైగా ఎక్స్ అఫీషియోలు, అంటే వేరే పదవి వల్ల సభ్యులయ్యేవాళ్లు. ఎమ్మెల్యే, ఎంపీ కూడా చేయెత్తొచ్చు.

శీను: గదే నాకు నచ్చనిది. జనం ఓటు ఒక దిక్కు, ఎక్స్ అఫీషియో చెయ్యి ఇంకో దిక్కు. దీన్ని అడగాల్నంటె సభ పెట్టాలె, సభ పెట్టాల్నంటె...

అక్క: పర్మిషన్ కావాలి. అనకు. ఆ అంకె అనకు.

శీను: అన్లే. నువ్వే అనిపిస్తున్నవ్.

అక్క: చాయ్ చల్లారిపోయింది శీనూ.

శీను: గ్లాసు దూరం పెట్టమన్న, తాగొద్దు అన్లే కదా. ఉస్మానియాలా, ఫైన్ బిస్కెట్లా?

అక్క: ఫైన్ బిస్కెట్లు. ఆ డబ్బా మాత్రం కరాచీ బేకరీ నుంచి...