బజాజీ ఆగిపోయే చోటు

శ్రోతలకు నమస్కారం.

టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో ఆటోరిక్షాను బజాజీ అంటారు. మన బజాజ్ బండి పేరే అది. మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు, అక్కడ ఏ కంపెనీ ఆటో అయినా బజాజీయే. ఆ బజాజీ ఎక్కడిదాకా వెళ్లగలదో చూస్తే ఆ నగరం ఎలా పెరిగిందో సగం తెలిసిపోతుంది.

2012 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది సుమారు 43 లక్షల మంది. 2022కి 53 లక్షలు దాటారు. ఊరు ముందు బగమోయో, మోరోగోరో, పుగు, కిల్వా వైపు వెళ్లే నాలుగు పెద్ద రోడ్ల వెంట సాగింది, అరచేతి నుంచి వేళ్లు చాచినట్టు. తర్వాత వేళ్ల మధ్య ఖాళీలు నిండాయి. పొలం ఉన్నవాళ్లు ముక్కలు చేసి అమ్మారు, కొన్నవాళ్లు వీలైన చోట ఇల్లు లేపుకున్నారు. మిగిలిన సందే దారి. కాబట్టి పక్క పేటకు వెళ్లాలన్నా చాలాచోట్ల మెయిన్ రోడ్డెక్కి చుట్టు తిరిగి రావాల్సిందే. అందరూ ఆ నాలుగు రోడ్ల మీదికే వస్తే ఏమవుతుంది? ట్రాఫిక్ జామ్. స్వాహిలీలో ఫోలేని. 2016లో మోరోగోరో రోడ్డు మీద ప్రత్యేక దారిలో పెద్ద బస్సులు మొదలయ్యాయి. బాగానే ఉంది గానీ, ఇంటి నుంచి ఆ బస్సు స్టాపు దాకా వెళ్లడమే ఒక ప్రయాణం.

మంజేసే అనే పేట అదే రోడ్డు మీద ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ సందులు ఇరుకవుతాయి, బజాజీ ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి సిమెంటు బస్తా భుజానికెక్కాలి. మరుగుదొడ్డి గుంట నిండితే ట్యాంకర్ దగ్గరికి రాలేదు. నిప్పంటుకుంటే ఫైరింజన్ సంగతి చెప్పక్కర్లేదు.

అక్కడికి కాస్త దూరంలోనే సింజా ఉంది. 1970లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఈ రెండు చోట్లా ఒకే పథకం నడిచింది. మంజేసేలో అప్పటికే ఇళ్లున్నాయి కాబట్టి వాటి మధ్య నుంచే రోడ్లు, కుళాయిలు వేశారు. సింజాలో మాత్రం ముందు వీధులు గీసి, ప్లాట్లు కొలిచి ఇచ్చారు. ఇల్లు ఎవరిది వాళ్లే కట్టుకున్నారు. దశాబ్దాల తర్వాత ఆర్థికవేత్తలు పోల్చి చూస్తే, ముందే వీధులు గీసిన పేటల్లోనే ఇళ్లు మెరుగ్గా ఉన్నాయి. ఇందులో ఒక మెలిక ఉంది. అలాంటి చోట్లకు రానురాను కాస్త డబ్బున్నవాళ్లు చేరారు. పేదలకని గీసిన వీధి పేదలకే మిగలాలని లేదు.

అయినా నా ఓటు సింజాకే. మంజేసేలో ఇప్పుడు సందు వెడల్పు చేయాలంటే ఎవరి గోడ కొట్టాలి? ఎవరిని ఎక్కడికి పొమ్మనాలి? ఊరి అంచున పొలాలు ఇవాళ కూడా ముక్కలుగా అమ్ముడవుతున్నాయి. అక్కడింకా గోడలు లేవలేదు. జీడిమామిడి చెట్ల మధ్య తాడు పట్టి వీధి గీయడానికి ఇప్పటికైతే చోటుంది.