ఫైల్ పోయిందా? ఎప్పుడు పోయిందో చెప్పండి

అందరికీ నమస్కారం. పిలిచినవారికి, పని మానుకుని వచ్చినవారికి కృతజ్ఞతలు. నన్ను బ్యాకప్‌ల మీద మాట్లాడమన్నారు. ముందు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

నేను సర్వర్లు చూసుకున్న ఒక ఆఫీసులో ఆమె చేరి నెల కూడా కాలేదు. ఒక సోమవారం సాయంత్రం షేర్డ్ ఫోల్డర్‌లో పాత కాపీ అనుకుని అసలు ఫోల్డర్‌ని డిలీట్ చేసింది. వెంటనే రీసైకిల్ బిన్ తెరిచింది. ఖాళీ. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తీసేసినవి మన కంప్యూటర్ బిన్‌లోకి రావు, నేరుగా సర్వర్‌లోనే చెరిగిపోతాయి. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. భయంతో నోరు మెదపలేదు.

మూడు వారాలకు బయటపడింది. పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ తెరిచాను. తేదీల వరుస. కిందికి వెళ్తూనే ఉన్నాను. అన్నిటికన్నా పాతది మంగళవారం ఉదయం 7 గంటలది. మాకు కావలసింది సోమవారం మధ్యాహ్నానిది. చోటు చాలక సర్వర్ దాన్ని అప్పటికే తీసేసింది. ఒక్క రోజు ముందు చెప్పినా దొరికేదేమో!

విండోస్ సర్వర్‌లో ఈ షాడో కాపీలు, అంటే సర్వర్ తనంతట తాను దాచే ఫోల్డర్ల పాత రూపాలు, 2003 నుంచీ ఉన్నాయి. ఆన్ చేసి షెడ్యూల్ మార్చకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7కి, మధ్యాహ్నం 12కి సర్వర్ ఒక్కో కాపీ తీసి పెడుతుంది. ఒక వాల్యూమ్‌కి (డి డ్రైవ్ లాంటి ఒక డిస్కు భాగానికి) 64 కాపీలు మించి ఉంచదు. ఇచ్చిన చోటు నిండితే ఆ లెక్కకు రాకముందే పాతవి పోతాయి. అందుకే ఆలస్యం అంత ప్రమాదం.

ఆ రోజు మీటింగ్‌లో అందరూ అడిగింది ఒకటే, ఎవరు చేశారు? ఎప్పుడు పోయిందని ఒక్కరూ అడగలేదు. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఇక్కడున్న మేనేజర్లను చేతులెత్తి వేడుకుంటున్నాను, మొదటి ప్రశ్న మార్చండి. ఎప్పుడు పోయిందో తెలిస్తే ఏ కాపీ తెరవాలో మాకు తెలుస్తుంది. ఎవరన్నది తెలిసినా ఫైల్ రాదు.

ఇంకో మాట. పోయిందనుకున్నవి చాలాసార్లు మౌస్ జారి పక్క ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ముందు కంట్రోల్ జెడ్ నొక్కండి, పేరుతో వెతకండి. పాత వెర్షన్ దొరికితే రీస్టోర్ నొక్కకండి, తెరిచి కావలసిందే వేరేచోటికి కాపీ చేసుకోండి. రీస్టోర్ నొక్కితే ఆ తర్వాత మిగతావాళ్లు మార్చిన ఫైళ్ల మీద పాతవి వచ్చి కూర్చుంటాయి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. సాంబా (లైనక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు పంచే సాఫ్ట్‌వేర్) వాడేవారు, డిలీట్ చేసినవాటిని దాచే రీసైకిల్ మాడ్యూల్ పెట్టారో లేదో చూసుకోండి, అది దానంతటది ఆన్ కాదు. రెయిడ్ (ఒక డిస్కు చెడినా డేటా నిలిచేలా పలు డిస్కులు కలిపే ఏర్పాటు) ఉందిగా అనుకోకండి, డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ పోతుంది.

ల్యాప్‌టాప్ ఉండి, ఇక్కడినుంచే మీ ఆఫీసు షేర్‌కి కనెక్ట్ కాగలిగినవాళ్లు ఇప్పుడే ఆ ప్రీవియస్ వెర్షన్స్ ట్యాబ్ తెరవండి. ఖాళీగా ఉంటే విరామంలో నా దగ్గరికి రండి, మీ సర్వర్ చూసేవారితో నేనే మాట్లాడతాను.