సైటేషన్ల లెక్కలో తప్పిపోయేవాళ్ళు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. వక్త పరిచయానికి, పొగడ్తలకు కలిపి పది నిమిషాలు పెట్టారట. అవి కూడా నాకే ఇచ్చేయండి, చెప్పాల్సింది చాలా ఉంది.

‘ప్లాస్మా భౌతిక శాస్త్రవేత్త ప్రచురణల రికార్డును చదవడం ఎలా’ అన్నది అంశం. ప్లాస్మా అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. చదవడం అన్నారు, సంతోషం. మామూలుగా ఎంపిక సంఘాల్లో జరిగేది చదవడం కాదు, హెచ్-ఇండెక్స్ చూసి వరసలో నిలబెట్టడం.

2005లో హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన కొలత అది: ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు, అంటే ఇతర పేపర్లలో ఉదహరింపులు, ఉన్నాయో చెప్పే అతి పెద్ద అంకె. పెన్ను తీయండి. ఒకరి పేపర్లకు 12, 9, 7, 5, 4, 4, 1 చొప్పున సైటేషన్లు వచ్చాయనుకోండి. పై నుంచి దిగుతూ రండి. నాలుగో పేపరుకు 5 ఉన్నాయి, సరిపోయింది. అయిదోదానికి 4 మాత్రమే, చాలవు. కాబట్టి హెచ్ 4. ఇప్పుడు ఆ 12 కొట్టేసి 1200 రాయండి. హెచ్ ఎంత? మళ్ళీ 4. ఒక్క పేపరుతో రంగం దారి మళ్ళించినవాడు ఈ లెక్కలో అంగుళం కూడా కదలడు.

పైగా ఆ అంకె మూడు సైటేషన్ డేటాబేసుల్లో మూడు రకాలుగా ఉంటుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రీప్రింట్లను, నివేదికలను కూడా లెక్కేస్తుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంచుకున్న జర్నళ్ళకే ఎక్కువగా పరిమితం. మన రంగంలో మంచి పని చాలాకాలం నివేదికల్లోనే ఉండిపోవడం కొత్తేమీ కాదు. లాసన్ ప్రమాణం, అంటే కేంద్రక సంలీనం (ఫ్యూజన్) లాభం ఇవ్వాలంటే ప్లాస్మా తీర్చాల్సిన షరతు, 1955లో బ్రిటన్ అణు పరిశోధన కేంద్రమైన హార్వెల్‌లో అంతర్గత నివేదికగా పుట్టి, 1957లో గాని జర్నల్లో అచ్చు కాలేదు.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి ఒక్క మాటలో చెప్తాను. అది గత రెండేళ్ళ పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు. అది జర్నల్‌ది, మనిషిది కాదు. లేజర్‌తో ప్లాస్మాలో అల లేపి ఎలక్ట్రాన్లను వేగవంతం చేయొచ్చని తజిమా, డాసన్ 1979లో రాశారు. దానికి తగిన లేజర్లకు దారి తీసిన పద్ధతి 1985లో వచ్చింది. దాదాపు ఒకే శక్తి గల ఎలక్ట్రాన్ పుంజాలు 2004లో కనిపించాయి. ఇరవై అయిదేళ్ళ పంటను రెండేళ్ళ కొలపాత్రతో కొలిస్తే ఏం తెలుస్తుంది?

ఇక అసలు సంగతికి వస్తాను.

1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో సోవియట్ శాస్త్రవేత్త ఆర్ట్సిమోవిచ్ బృందం, ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో వలయంగా బంధించే తమ టీ-3 టోకమాక్‌లో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కోటి డిగ్రీల దాకా వెళ్ళిందని చెప్పింది. చాలామంది నమ్మలేదు. ప్లాస్మా పీడనం కొలిచి దాని నుంచి లాగిన అంకె అది. కొద్దిపాటి అతివేగపు ఎలక్ట్రాన్లున్నా ఆ అంకె ఉబ్బిపోతుంది. అందుకని బ్రిటన్‌లోని కల్హమ్ ప్రయోగశాల నుంచి ఒక బృందం టన్నుల కొద్దీ పరికరాలతో మాస్కో వెళ్ళింది. రూబీ లేజర్ కాంతి, 694.3 నానోమీటర్లు, ప్లాస్మాలోకి పంపి, ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన కాంతి వర్ణపటం ఎంత వెడల్పైందో చూశారు. వెడల్పే ఉష్ణోగ్రత. ఈ పద్ధతి పేరే థామ్సన్ స్కాటరింగ్. చెప్పడం తేలిక. ఒక్కో ఎలక్ట్రాన్ చెదరగొట్టే అడ్డుకోత వైశాల్యం 6.65×10⁻²⁹ చదరపు మీటర్లు, అంటే చెదిరి వచ్చే కాంతి అతి స్వల్పం. కిటికీ గాజు నుంచి, గోడ నుంచి చెదిరే కాంతి అసలు సంకేతాన్ని మింగేస్తుంది. పుంజం దారిలో అడ్డుతెరలు, చివర దాన్ని పీల్చేసే గొయ్యి లేకపోతే కొలిచేది గోడనే.

కొలిచారు, నిజమేనన్నారు. 1969లో ‘నేచర్’లో పేపరు, అయిదుగురు రచయితలు. 1970 కల్లా ప్రిన్స్‌టన్ వాళ్ళు తమ స్టెల్లరేటర్‌ను, అంటే వేరే రకం ప్లాస్మా బంధన యంత్రాన్ని, టోకమాక్‌గా మార్చేశారు. అయ్యా, ప్రభావమంటే ఇది! ఒక కొలతను చూసి ఇంకో దేశంలో యంత్రం ఆకారమే మారింది. దీన్ని ఏ ఇండెక్స్ గడిలో వేస్తారు?

అప్పుడు అయిదు పేర్లు కాబట్టి అందరూ కనిపిస్తున్నారు. లేజర్ ఫ్యూజన్‌లో ఇచ్చినదాని కంటే ఎక్కువ శక్తి లక్ష్యం నుంచి వచ్చిందని 2024లో అచ్చయిన పేపరుకు వెయ్యి మందికి పైగా రచయితలు. అందులో అద్దాలు సరిచేసినవారెవరో, డిటెక్టర్ కట్టినవారెవరో పేర్ల వరస చెప్పదు. థామ్సన్ స్కాటరింగ్‌తో సాంద్రత చెప్పాలంటే గదిలో తెలిసిన పీడనంలో వాయువు నింపి, ఆ వాయువు చెదరగొట్టే కాంతితో (రేలీ లేదా రామన్ చెదురు) పరికరాన్ని క్రమాంకనం (కాలిబ్రేషన్) చేయాలి. కిటికీ మీద పూత పేరుకున్నకొద్దీ ఆ క్రమాంకనం జారిపోతుంది. సాంద్రత తక్కువ చూపిస్తుంది. సరిచూసుకుంటూ ఉండే మనిషి లేకపోతే పైన కట్టిన సిద్ధాంతాల పేపర్లన్నీ తప్పే. ఆ మనిషి పేపరు వెళ్ళేది పరికరాల జర్నల్‌కి. దాన్ని ఉదహరించేవాళ్ళు తక్కువ, దాని మీద ఆధారపడేవాళ్ళు ఎక్కువ.

గంట కొడుతున్నారు, విన్నాను. కాబట్టి ఎంపికకు కూర్చునేవారు ముందు ఆర్కిడ్ సంఖ్యతో, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్యతో, సరిచూసి, అదే పేరున్న ఇతరుల పేపర్లు తీసేయండి. సొంత సైటేషన్లు విడదీసేటప్పుడు అభ్యర్థివి మాత్రమే కాదు, సహరచయితలవి కూడా చూడండి. నూరుమంది బృందంలో ఒకరి పేపరును ఇంకొకరు ఉదహరించడం రోజువారీ పని. పోలిస్తే అదే ఉపశాఖలో, అదే కాలం వాళ్ళతో పోల్చండి. ఖగోళ ప్లాస్మా అలవాట్లు వేరు, చల్లని ప్లాస్మా అలవాట్లు వేరు. అయిదు పేపర్లు అడిగి తెప్పించుకొని చదవండి. దరఖాస్తులో హెచ్-ఇండెక్స్ గడి పక్కన ఇంకో గడి గీయండి: ‘ఈ పనిలో మీరు కట్టిన పరికరం ఏది, రాసిన కోడ్ ఏది, ఎవరి కొలతలు దాని మీద నిలబడ్డాయి?’ ఆ గడిని మాత్రం కాస్త పెద్దదిగా గీయండి.