పేషెంటుకు అన్నీ వినిపిస్తుంటాయి

నర్సింగ్, ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలందరికీ నమస్కారం. గులియన్ బారే సిండ్రోమ్, మీ వాడుకలో జీబీఎస్, వచ్చి కోలుకున్న మనిషిగా నన్ను పిలిచారు. జబ్బు గురించి మీ సార్లు నాకన్నా బాగా చెబుతారు. ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుంది. విరేచనాలో జలుబో తగ్గాక, క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత నరాల మీదే పడుతుంది. 2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు అనుమానం కలుషిత నీటి మీదికి పోయింది. ఆ తర్వాత మన గుంటూరులోనూ కేసులు రావడంతో ఇక్కడా టెన్షన్ మొదలైంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని ఫోన్లో ఎంతమందికి చెప్పానో!

నాకు ముందు అరికాళ్లలో తిమ్మిర్లు. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత మెట్లెక్కలేకపోయాను, ఆ తర్వాత మింగలేకపోయాను. వెంటిలేటర్ పెట్టారు. ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ల కోసం మా ఆవిడ గాజులు తాకట్టుకు పోయాయి.

కాళ్లూ చేతులూ పడిపోయినా ఈ జబ్బులో తెలివి ఎక్కడికీ పోదు. "ఈయనకిక కష్టమే" అని నా మంచం పక్కనే ఇద్దరు మాట్లాడుకున్నారు. విన్నాను. ముక్కు దురద పెడితే గోక్కోలేను, గోకమని అడగనూ లేను. దుప్పటి తగిలినా మంట. మా చెల్లెలు అట్ట మీద అక్షరాలు రాసి తెచ్చింది. ఒక్కోటి వేలితో చూపిస్తుంటే, కావాల్సిన దగ్గర నేను కళ్లు మూయాలి. అచ్చులూ హల్లులూ దాటి గుణింతాల దగ్గరికొచ్చేసరికి ఇద్దరి ఓపికా అయిపోయేది. చివరికి అవి తీసేసి మాటలే రాసింది: కఫం తీయండి, పక్కకు తిప్పండి, దురద, భయంగా ఉంది. నాలుగోదాని దగ్గరే ఎక్కువసార్లు కళ్లు మూశాను.

"ఇంకా నడవట్లేదేంటి?" అని బంధువులు అడుగుతారు. నరం పైపొర మాత్రమే పోతే త్వరగానే తేరుకుంటారు. లోపలి తీగ కూడా దెబ్బతింటే అది తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్కేసి వాళ్లకు చెప్పండి. ఎక్కువమంది ఆర్నెల్లకు నడుస్తారు. నా ఎడమ పాదం మాత్రం ఇప్పటికీ కాస్త వాలుతుంది.

ఉద్యోగంలో మళ్లీ చేరాను. సెలవు రోజుల్లో డాక్టర్లు కబురు చేస్తే ఐసీయూకి వెళ్లి పేషెంటు ఎదురుగా నాలుగడుగులు నడిచి చూపిస్తాను. ఈ పని కోసమే దేవుడు నన్ను బతికించాడంటుంది మా అమ్మ. నేనంత దూరం పోను, అసలు జబ్బు రాకుండా ఉంటేనే బాగుండేది. కానీ నేను నడుస్తుంటే వాళ్ల కళ్లు నా కాళ్ల వెంటే తిరుగుతాయి. అది చూశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాదు.

ఆ మాటల అట్టలు లామినేషన్ చేయించి తెచ్చాను, స్పిరిట్‌తో తుడవచ్చు. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. చివరి గడి ఖాళీగా వదిలాం. అందులో ఏం రాయాలో పేషెంటు ఇంటివాళ్లను అడిగి రాయండి.