రాగి మీద పెంటసీన్: ఉప్పు పొర చూపించిన ఆర్బిటాళ్లు

(తెర మీద: వరుసగా అతుక్కున్న ఐదు షట్కోణాలు)

నమస్కారం. ఐదు బెంజీన్ వలయాలు ఒకే వరుసలో అతుక్కుని ఉన్న ఈ అణువు పేరు పెంటసీన్. ఇందులో 22 కార్బన్, 14 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. పొడవు సుమారు 1.4 నానోమీటర్లు. శూన్యంలో ఒంటరిగా ఉన్నప్పుడు దీని ఎలక్ట్రాన్లకు విడివిడిగా, స్పష్టమైన శక్తిస్థాయులు ఉంటాయి. రాగి మీద నేరుగా ఉంచితే ఆ స్పష్టత పోతుంది.

కారణం ఇది. లోహాన్ని తాకిన అణువులో ఎలక్ట్రాన్ తన ఆర్బిటాల్‌లో (అంటే ఆ శక్తిస్థాయిలో అది విస్తరించి ఉండే ప్రాంతంలో) ఎక్కువసేపు నిలవదు. అతి స్వల్పకాలంలోనే లోహంలోకి జారిపోతుంది. ఒక స్థితిలో ఎలక్ట్రాన్ నిలిచే కాలం తగ్గినకొద్దీ ఆ స్థితి శక్తిలో అనిశ్చితి పెరుగుతుంది కనుక, సన్నని గీతలా ఉండవలసిన శక్తిస్థాయి, తడి కాగితం మీద సిరా పాకినట్టు వెడల్పవుతుంది.

(తెర మీద: అణువు పైన సూదిమొన)

ఒక్కొక్క అణువును పరిశీలించే సాధనం స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు. గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ దీన్ని 1981లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో రూపొందించారు. దీని సూదిమొన నమూనాను తాకకపోయినా మధ్యనున్న ఖాళీని ఎలక్ట్రాన్లు దాటుతాయి; దీన్నే టన్నెలింగ్ అంటారు. అలా పారే కొద్దిపాటి కరెంటునే ఈ సాధనం కొలుస్తుంది. సూదిమొన 0.1 నానోమీటరు పైకి జరిగితే చాలు, ఆ కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది.

2005లో అదే ప్రయోగశాలకు చెందిన యాషా రెప్, గెర్హార్డ్ మేయర్, వారి సహచరులు రాగికీ పెంటసీన్‌కూ మధ్య రెండు పరమాణువుల మందం గల సోడియం క్లోరైడ్ పొరను పరిచారు. ఈ ప్రయోగంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఈ ఎంపికే, ఎందుకంటే అది మన వంటింటి ఉప్పే. ఉప్పు విద్యుత్ బంధకం. అయినా రెండు పొరలే కావడంతో కొద్దిపాటి కరెంటు టన్నెలింగ్ ద్వారా దాటుతుంది, అణువుకు లోహంతో ఉన్న బంధం మాత్రం బాగా సడలుతుంది.

మైనస్ 268 డిగ్రీల సెల్సియస్ చలిలో, నమూనాకు మైనస్ 2.4 వోల్టులు ఇచ్చినప్పుడు నిండిన ఆర్బిటాళ్లలో అత్యధిక శక్తి గలది, ప్లస్ 1.7 వోల్టుల దగ్గర ఖాళీ ఆర్బిటాళ్లలో అత్యల్ప శక్తి గలది చిత్రంగా కనిపించాయి. ఒంటరి పెంటసీన్‌కు సిద్ధాంతం లెక్కగట్టిన ఆకారాలతో అవి సరిపోలాయి. ఈ రెండు వోల్టేజీల నడుమ అణువు ఏ వివరమూ లేని చిన్న కడ్డీలా మాత్రమే కనిపిస్తుంది.

అయితే లోహం ప్రభావం పూర్తిగా పోలేదు. ఆ రెండు స్థాయుల మధ్య అంతరం ఇక్కడ సుమారు 4.1 ఎలక్ట్రాన్ వోల్టులు. శూన్యంలోని అణువుకు అది 5కు పైమాటే. అణువులోకి ఎలక్ట్రాన్ చేరినా, అందులోంచి వెళ్లినా, ఉప్పు కింది రాగిలోని ఎలక్ట్రాన్లు సర్దుకుని వ్యతిరేక ఆవేశపు ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి. ఆ ఆకర్షణ వల్ల రెండు మార్పులకూ కావలసిన శక్తి తగ్గి, అంతరం కుదించుకుపోతుంది.