వ్యోమనౌకల పందెంలో కాలాన్ని కొలవడం

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం ఒక వీడియో గేమ్‌లోని పందెం. కంప్యూటర్ శాస్త్రం చదువుతున్న మీరు గ్రాఫుల గురించీ, వాటిలో అతి చిన్న దారిని వెతికే పద్ధతుల గురించీ తరగతిలో విన్నారు, పరీక్షల్లో రాశారు కూడా. ఆ పాఠంలో రెండు బిందువులను కలిపే ప్రతి గీత మీదా ఒక అంకె ముందే వేసి ఉంటుంది. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందని సాధారణంగా ఎవరూ అడగరు. కొన్నేళ్లుగా ఈ పందేల్లో పాల్గొంటున్న నాకు అర్థమైంది ఏమిటంటే, గెలుపోటములు తేలేది ఆ అంకెల దగ్గరే గాని, వాటిని కూడి తక్కువ మొత్తాన్ని ఎంచే పద్ధతి దగ్గర కాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

నేను ఉదాహరణగా తీసుకుంటున్న ఆట ఎలీట్ డేంజరస్. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రూపొందించిన ఎలీట్ అనే ఆట పరంపరలో, ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ 2014 డిసెంబరులో దీన్ని విడుదల చేసింది. మన పాలపుంతను అసలు పరిమాణంలోనే, దాదాపు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలతో ఇందులో నిర్మించారు. గ్రహాలు తమ కక్ష్యల్లో గడియారం ప్రకారం కదులుతూనే ఉంటాయి, తమ చుట్టూ తాము తిరుగుతూనే ఉంటాయి. ఈ సంగతిని గుర్తుంచుకోండి, దీనితో తరవాత పని ఉంది. ఇందులో ఆటగాళ్లే పందేలు పెట్టుకుంటారు. బకీబాల్ రేసింగ్ క్లబ్ అనే ఆటగాళ్ల బృందం ఇందుకు పేరుపొందింది. నేను వివరించబోయే పందెం మాత్రం మా స్నేహితులం కొందరం మాలో మేము పెట్టుకున్నది.

నియమాలు సులభం. పన్నెండు అంతరిక్ష స్టేషన్ల జాబితా ఇస్తారు. వాటిలో ఏవైనా ఎనిమిదింటిలో, ఏ వరుసలోనైనా, నౌకను దింపి తిరిగి బయలుదేరిన చోటికి చేరాలి. పందెం పది రోజులపాటు తెరిచి ఉంటుంది. ఎవరికి వీలైన గడియలో వారు బయలుదేరవచ్చు, లెక్కకు వచ్చేది వారి ప్రయాణానికి పట్టిన కాలం మాత్రమే. అందరూ ఒకే రకం నౌకను వాడాలి. 2024లో ఆటలోకి వచ్చిన, గ్రహాల మధ్య ప్రయాణాన్ని విపరీతంగా వేగవంతం చేసే కొత్త రకం డ్రైవ్‌ను, అంటే నౌకను నడిపే యంత్రాన్ని, వాడకూడదు.

పన్నెండింటిలో ఎనిమిదింటిని ఎంచి వరుసలో పెట్టడానికి 1,99,58,400 మార్గాలు ఉన్నాయి. చేత్తో చూడగలిగిన సంఖ్య కాదు, కంప్యూటర్‌కు మాత్రం ఇది చాలా చిన్న పని. 1962లో హెల్డ్, కార్ప్ ప్రచురించిన పద్ధతిని అనుసరిస్తే అంతకూడా అక్కర్లేదు: ఇప్పటివరకు ఏయే మజిలీలు పూర్తయ్యాయి, ఇప్పుడు ఎక్కడ ఉన్నాం అనే రెండు సంగతులు మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు కనుక, 49,152 స్థితులను మించి చూడవలసిన పని ఉండదు. నేను రాసిన చిన్న ప్రోగ్రాం కళ్లు మూసి తెరిచేలోగా జవాబు ఇచ్చింది. అది ఇచ్చిన దారి నాకిచ్చిన అంకెల ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ దారిని పట్టుకుని పందెం ఆడితే, తొమ్మిది మందిలో ఏడో స్థానం వచ్చింది.

తప్పు అంకెల్లో ఉంది. ప్రతి జంట స్టేషన్ల మధ్య దూరాన్ని నేను కాంతి సంవత్సరాల్లో వేసి, ఆ మొత్తాన్ని తగ్గించాను. ఆటలో కాంతి సంవత్సరానికి విలువ చాలా తక్కువ. నక్షత్రం నుంచి నక్షత్రానికి నౌక జంప్ చేస్తుంది. జంప్ 3 కాంతి సంవత్సరాలదైనా, 23 కాంతి సంవత్సరాలదైనా పట్టే కాలంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నౌక ఒక జంప్‌లో గరిష్ఠంగా 24 కాంతి సంవత్సరాలు వెళ్లగలదనుకుంటే, 23 కాంతి సంవత్సరాల దూరానికి ఒక జంప్ చాలు, 25కు రెండు కావాలి. అంటే ఇక్కడి ఖర్చు వాలు మీద నడకలా కాక మెట్లెక్కినట్టు పెరుగుతుంది. నేను వేసిన లెక్క 23కూ 25కూ మధ్య రెండు కాంతి సంవత్సరాల తేడా మాత్రమే చూసింది, నిజానికి ఆ తేడా దాదాపు నిమిషం.

ఈ మెట్ల సంగతి తెలిశాక ట్యాంకు మీద దృష్టి పడుతుంది. జంప్ దూరం నౌక మొత్తం బరువుకు విలోమంగా మారుతుంది. 300 టన్నుల నౌక 24 కాంతి సంవత్సరాలు దూకగలిగితే, ఎనిమిది టన్నుల ఇంధనం తక్కువ నింపుకొని బయలుదేరిన అదే నౌక 24.6 దాకా దూకగలదు. మా పందెంలో ఒకచోట రెండు మజిలీల మధ్య దూరం 24.5. నిండు ట్యాంకుతో వెళ్లినవారికి అక్కడ రెండు జంప్‌లు పట్టాయి, ట్యాంకును వెలితిగా ఉంచుకున్నవారికి ఒక్కటే. అందువల్ల రెండు బిందువుల మధ్య గీత మీద వేసిన అంకె స్థిరమైనది కూడా కాదు, ఆ గీత దగ్గరికి వచ్చేసరికి ట్యాంకులో ఎంత మిగిలిందో దాన్నిబట్టి మారుతుంది.

ఇంధనం సంగతి ఇంకొంచెం వివరంగా చూద్దాం, ఎందుకంటే నాకు ఈ ఆటలో అత్యంత అందంగా తోచిన లెక్క ఇదే. ఒక జంప్‌కు ఖర్చయ్యే ఇంధనం దూరంతో సమానంగా పెరగదు, దూరాన్ని ఒక ఘాతానికి హెచ్చిస్తే వచ్చే మొత్తంతో పాటు పెరుగుతుంది. ఐదో తరగతి డ్రైవ్‌కు ఆ ఘాతం 2.45. దూరాన్ని సగం చేస్తే ఇంధనం సగం కాదు, 18 శాతానికి పడిపోతుంది. ఒక పెద్ద జంప్‌ను రెండు సగాలుగా చేసుకుంటే మొత్తం మీద 37 శాతం ఇంధనంతో పని జరుగుతుంది. ఇక ఇంధనాన్ని కొనుక్కోవడం ఒకటే మార్గం కాదు. ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్ వర్గాల నక్షత్రాల అంచున ఎగురుతూ స్కూప్ అనే పరికరంతో దాన్ని పట్టుకోవచ్చు. గోధుమ మరుగుజ్జులనే, నక్షత్రాలు కాలేకపోయిన మసక గోళాల దగ్గర అది దొరకదు. కాబట్టి ప్రశ్న ఇది: ఒక పెద్ద జంప్ చేసి ఎక్కువ ఇంధనం పట్టుకోవాలా, రెండు చిన్న జంప్‌లు చేసి తక్కువ పట్టుకోవాలా?

జవాబు నక్షత్ర పటంలో లేదు, నౌకకు బిగించిన స్కూప్‌లో ఉంది. ఒక జంప్‌కు మొత్తం యాభై సెకన్లు పడుతుందనుకుందాం. పెద్ద జంప్‌కు 5 టన్నుల ఇంధనం కావాలి. ఐదో తరగతిలో మేలైన స్కూప్ సెకనుకు 577 కిలోలు పడుతుంది, అంటే 5 టన్నులకు తొమ్మిది సెకన్లు. పెద్ద జంప్ దారి 59 సెకన్లు, రెండు చిన్న జంప్‌ల దారి 103 సెకన్లు. అదే నౌకకు ఒకటో తరగతిలోని అతి చౌక స్కూప్ బిగిస్తే, అది సెకనుకు 18 కిలోలే పడుతుంది. ఇప్పుడు పెద్ద జంప్‌కు 328 సెకన్లు, రెండు చిన్న జంప్‌లకు 202 సెకన్లు. నక్షత్రాలు అవే, దూరాలు అవే, నౌక అదే. చిన్న పరికరం ఒకటి మారేసరికి త్వరిత మార్గం తలకిందులైంది. దారిని ప్రణాళిక చేయడం, నౌకను సిద్ధం చేయడం వేరువేరు పనులని అనుకున్నంతకాలం ఈ మలుపు కంటికి ఆనదు.

చాలా దూరపు పందేల్లో న్యూట్రాన్ నక్షత్రాల ప్రస్తావన రాక తప్పదు. వాటి ధ్రువాల నుంచి వెలువడే ధారలో నౌకను కాసేపు నిలిపితే తరవాతి జంప్ నాలుగు రెట్లు సాగుతుంది. అలా చేసిన ప్రతిసారీ డ్రైవ్ ఒక శాతం దెబ్బతింటుంది. పాలపుంత కేంద్రంలోని సాజిటేరియస్ ఏ-స్టార్ అనే కృష్ణబిలం సూర్యుడి నుంచి ఆటలో 25,900 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అక్కడికి వెళ్లేవారు ఈ నక్షత్రాలను మెట్లుగా వాడుకుంటారు. దారులు వెతికే ప్రసిద్ధ పద్ధతి ఒకటుంది, 1968లో హార్ట్, నిల్సన్, రాఫేల్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో రూపొందించినది. దాని పేరు కూడా ఏ-స్టారే. పేర్లు కలవడం కేవలం యాదృచ్ఛికమే అయినా, ఒక ఏ-స్టార్ సాయంతో ఇంకో ఏ-స్టార్‌కు దారి వెతకడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది. మాది చిన్న పందెం కనుక అందులో న్యూట్రాన్ నక్షత్రాల అవసరం రాలేదు.

నన్ను ఓడించింది జంప్ తరవాతి ప్రయాణం. ఒక వ్యవస్థలోకి దూకిన నౌక ఎప్పుడూ అందులోని ప్రధాన నక్షత్రం దగ్గరే తేలుతుంది. అక్కడినుంచి స్టేషన్‌కు సూపర్‌క్రూజ్ అనే పద్ధతిలో ఎగరాలి. ఆల్ఫా సెంటారీ సూర్యుడికి పక్కిల్లు, ఒక్క జంప్ చాలు. కాని అక్కడ ప్రధాన నక్షత్రానికి 0.22 కాంతి సంవత్సరాల అవతల హటన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది. వెలుగుకే దాదాపు ఎనభై రోజులు పట్టే దూరం అది. సాధారణ డ్రైవ్‌తో అక్కడికి చేరడానికి గంటకు పైగా పడుతుంది. నా జాబితాలోనూ ఇటువంటిదే, ఇంతకన్నా చిన్నది, ఒకటి ఉంది. పక్క మజిలీకి 7 కాంతి సంవత్సరాలే కదా అని ప్రోగ్రాం దాన్ని ఎంతో ఇష్టంగా ఎంచుకుంది. ఆ స్టేషన్ రెండో నక్షత్రం చుట్టూ, ప్రధాన నక్షత్రానికి రెండు లక్షల కాంతి సెకన్లకు పైగా దూరంలో తిరుగుతోంది. పది నిమిషాలకు పైగా కదలని నక్షత్రాలను చూస్తూ కూర్చున్నాను. ముందువరుసలో నిలిచిన ఆరుగురిలో ఒక్కరూ ఆ స్టేషన్ జోలికి వెళ్లలేదు.

ఇక్కడ మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు, అది న్యాయమైనదే. లోపలి ప్రయాణం ఆ మజిలీకి సంబంధించిన ఖర్చు గదా, ఎటునుంచి వచ్చినా ఒకటే గదా, వరుసను అది ఎలా మారుస్తుంది? పన్నెండూ తిరిగి తీరాలన్న పందెంలో నిజంగానే అది వరుసను దాదాపు మార్చదు, అందరికీ ఒకే మొత్తాన్ని కలుపుతుంది. ఎనిమిదింటిని ఎంచుకోమన్న పందెంలో మాత్రం ఏవి వదలాలో నిర్ణయించేది అదే. పైగా "దాదాపు" అన్నాను. నౌక నక్షత్రానికి తాను వచ్చిన దిక్కు వైపు పక్కనే తేలుతుంది కనుక, వెళ్లవలసిన స్టేషన్ అవతలి పక్కన ఉంటే నక్షత్రాన్ని చుట్టి పోవాలి. స్టేషన్ వదిలేటప్పుడు కూడా అంతే, వెళ్లబోయే నక్షత్రం గ్రహం చాటున ఉంటే ముందు ఆ చాటు తప్పించుకోవాలి. అందుచేత క అనే మజిలీ నుంచి చ అనే మజిలీకి పట్టే కాలం, చ నుంచి క కు పట్టే కాలం సమానం కావు.

సూపర్‌క్రూజ్‌లో తిన్నని గీత కూడా త్వరిత మార్గం కాదు. బరువైన గోళాలకు దగ్గరగా ఉన్నంతసేపు నౌక వేగం పుంజుకోలేదు. అందుకే అనుభవజ్ఞులు గ్రహాలన్నీ తిరిగే తలానికి పైకి లేచి, విల్లులా వంగి, గమ్యం మీదికి దిగుతారు. దిగేటప్పుడు తెరమీద గమ్యానికి మిగిలిన కాలం 7 సెకన్లు చూపగానే వేగం మీటను మూడు వంతులకు తగ్గిస్తే నౌక భద్రంగా చేరుతుంది. తొందరపడి ఆ అంకెను మరీ దిగనిస్తే నౌక గమ్యాన్ని దాటిపోయి, వెనక్కి తిరగడానికి నిమిషం పోతుంది. అయితే ఇదే గురుత్వాన్ని బ్రేకుగా వాడుకునే నేర్పు కూడా ఉంది: పూర్తి వేగంతో వచ్చి, గ్రహానికి అతి దగ్గరగా రాసుకుంటూ పోతే, ఆ గ్రహమే నౌకను నెమ్మదింపజేస్తుంది. పెద్ద స్టేషన్ల ప్రవేశద్వారం తాము చుట్టే గ్రహం వైపే తిరిగి ఉంటుంది. గ్రహం పక్కనుంచి వచ్చినవాడికి ద్వారం ఎదురుగా కనిపిస్తుంది, బయటినుంచి వచ్చినవాడు స్టేషన్‌ను చుట్టి పోవాలి. 7.5 కిలోమీటర్ల దూరంలోకి రాగానే దిగడానికి అనుమతి అడగాలి. అది ఆలస్యమైతే ద్వారం ముందే నిలబడవలసి వస్తుంది.

ఈ నేర్పులన్నిటినీ ప్రణాళికలో ఎలా వేయాలి? నేను ఒక పట్టిక పెట్టుకున్నాను. పన్నెండు స్టేషన్లకూ ఒక్కొక్కదానికి మూడుసార్లు వెళ్లి, నక్షత్రం దగ్గర తేలిన క్షణం నుంచి నౌక వేదిక మీద ఆగే క్షణం దాకా గడియారంతో కొలిచాను. మూడింటిలో మంచి కాలాన్ని కాక, మధ్యదాన్ని వేసుకున్నాను. గ్రహాన్ని రాసుకుంటూ బ్రేకు వేయడం నాకు మూడుసార్లలో ఒకసారే కుదిరింది. కుదిరిన ఆ ఒక్కసారి కాలాన్ని పట్టికలో వేస్తే, ఆ దారి నాకంటే మంచి చోదకుడి కోసం తయారైన దారి అవుతుంది. జంప్‌లకు మెట్ల లెక్క, మిగిలిన ఇంధనానికి ఒక అదనపు గడి, వెళ్లే దిక్కుకూ వచ్చే దిక్కుకూ వేరువేరు అంకెలు వేశాను. ప్రోగ్రాంలో మార్చినవి పది వరుసలు కూడా లేవు. కొలతలకు మూడు సాయంత్రాలు పట్టింది. ఈసారి వచ్చిన దారి కాంతి సంవత్సరాల్లో పాతదానికన్నా పొడవైనది, నిమిషాల్లో చాలా పొట్టిది.

గ్రహాలు తిరుగుతూనే ఉంటాయని మొదట్లో చెప్పాను. కొత్త దారిలోని ఐదో మజిలీ ఒక గ్రహం నేల మీద ఉన్న రేవు. రేవు నౌక వచ్చే వైపు ఉంటే సూటిగా దిగవచ్చు. అవతలి వైపు ఉంటే గ్రహాన్ని సగం చుట్టి, ఆ తరవాత దిగాలి. ఆ గ్రహం ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో ఆటలోని వ్యవస్థ పటమే చెబుతుంది. వరుసగా రెండు రోజులు ఆ రేవు ఎప్పుడు నక్షత్రం వైపుకు వస్తుందో చూసి రాసుకున్నాను. పట్టిక ప్రకారం నాలుగు మజిలీలు పూర్తిచేసి ఐదోదానికి చేరడానికి ముప్ఫై ఒక్క నిమిషాలు పడుతుంది. రేవు ఎదురుగా వచ్చే గడియ నుంచి ఆ ముప్ఫై ఒక్క నిమిషాలు వెనక్కి లెక్కిస్తే బయలుదేరవలసిన వేళ తేలింది: గురువారం తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలు. ఆ వేళకు అలారం పెట్టుకుని లేచాను. ఐదో మజిలీకి చేరేసరికి రేవు దీపాలు నౌక ముక్కుకు సరిగ్గా ఎదురుగా, ఉదయపు వెలుగు గీతకు కాస్త ఇవతల కనిపించాయి.